పురుగుల మేడమ్

మా మేడమ్ పోయారన్న కబురు ల్యాబ్ బాబాయి ఫోన్లో చెప్పాడు. బాబాయి నాకు చుట్టం కాదు. మేడమ్ పనిచేసిన కాలేజీలో జువాలజీ ల్యాబ్ అటెండరు. చదువుకునే రోజుల్లో అందరం ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళం. అప్పుడు నేను దువ్వాడలో, నేను పాఠాలు చెప్పే కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ బాక్సు మూత తీస్తున్నాను.

“అమ్మా, మేడంగారు ఎలిపోనారమ్మా. లారీ గుద్దీసినాది. పెద్దాసుపత్రికి వొచ్చీ,” అన్నాడు. వెంటనే ఫోన్ పెట్టేశాడు.

గాజువాక దాటాక హైవే మీద ఇనుప చుట్టలు మోసుకెళ్తున్న ట్రైలరు, ఆవిడ ఎక్కిన ఆటోను వెనక నుంచి గుద్ది డివైడరుకేసి నొక్కేసింది. ఆటో డ్రైవరు కాలు విరిగినా బతికాడు. మేడమ్ చివరి మాట ఏమిటో ఆసుపత్రి మంచం మీద నుంచి అతనే మాకు చెప్పాడు. జనం పోగై ట్రైలరు డ్రైవర్ని కిందికి లాగి చితక్కొడుతున్నారట. నలిగిపోయిన రేకుల మధ్య ఇరుక్కున్న మేడమ్ అది చూసి అరిచారట. “ఒరే సచ్చినోళ్ళారా! ఆణ్ణి తరవాత కొట్టుకుందురు గాని, ముందు నన్ను ఎత్తండ్రా!”

అప్పుడు అతన్ని వదిలి ఆవిడను ఎత్తారు. దారిలోనే ప్రాణం పోయింది.

ఆ మాట విని బాబాయి ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఆ గొంతు అచ్చంగా చెవిలో వినబడింది.

మార్చురీలో ముఖం చూడొద్దని అక్కడి మనిషి చెప్పాడు. దుప్పటి పక్క నుంచి ఎడమ చెయ్యి ఒక్కటి బయటికి తీసి చూపించాడు. మూడు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. పుట్టుకతో అలా లేవు అవి. మా అన్నయ్య ఇనుప రాడ్డుతో విరగ్గొట్టిన వేళ్ళు.

“ఆవిడే,” అన్నాను.

మర్నాడు పేపర్లో ‘రోడ్డు ప్రమాదంలో విశ్రాంత అధ్యాపకురాలి మృతి’ అని నాలుగు లైన్లు వేశారు. అది చూసి పేజీ తిప్పేసిన వాళ్ళలో మీరూ ఉండి ఉంటారు. మీ తప్పేం లేదు. ఆవిడెవరో మీకెవరూ చెప్పలేదు, అందుకే నేను చెబుతున్నాను.

కాలేజీలో వెనకాల అందరూ ఆవిడను ‘పురుగుల మేడమ్’ అనేవారు. ఆవిడ పెంచేవి నులిపురుగులు. తగరపువలస వైపు వంగతోటల మట్టిలోంచి తెచ్చి, ల్యాబులో తరాల తరబడి సాకిన జాతి. కంటికి సరిగ్గా ఆనవు. మైక్రోస్కోపు కింద మాత్రం గాజుతో చేసినట్టుంటాయి. లోపలి పేగు, ఆ పేగు పక్కన వరసగా గుడ్లు, అన్నీ కనిపిస్తాయి.

మట్టిలో అవి బ్యాక్టీరియాను తిని బతుకుతాయి. మేడమ్ వాటిని బ్యాక్టీరియా పొడ కూడా తగలకుండా, తేటనీళ్ళలాంటి ద్రవంలో తిండి కలిపి పెంచేవారు. ఆ తిండిలో ముఖ్యమైనవి అమైనో ఆమ్లాలు. మనం తినే పప్పులోనూ చేపలోనూ ఉండే మాంసకృత్తులు వాటితో కట్టినవే. వాటిలో కొన్నింటిని ఒళ్ళు తనకు తానే తయారు చేసుకుంటుంది. కొన్ని మాత్రం తిండిలోంచే రావాలి. ఈ వంగతోట పురుగుకి తిండిలోంచే రావలసినవి ఏవి అన్నది మేడమ్ ప్రశ్న. దాన్ని తేల్చడానికి దారి ఒక్కటే. ఒక్కో ఫ్లాస్కులో ఒక్కో అమైనో ఆమ్లాన్ని ఎగ్గొట్టి, పురుగుల్ని వదిలి, ఏమవుతుందో చూస్తూ కూర్చోవాలి. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, కడుపు మాడ్చి చంపాలి.

నేను రీసెర్చికి చేరిన కొత్తలో ఆ మాట అంటే ఆవిడ తల కూడా ఎత్తలేదు. “ఏది లేపోతే సస్తాదో తెలిస్తేగాని, ఏది తిని బతుకుతాదో తెలీదే,” అన్నారు. క్లాసులో ఆవిడ తెలుగు పుస్తకంలోలా ఉండేది. ల్యాబులో, అందులోనూ కోపంలోనో ఆపేక్షతోనో ఉన్నప్పుడు, పుట్టిన పేట భాష వచ్చేసేది.

ఆ మొదటి వారంలోనే ఒక పురుగును చూపించారు. తిండిలో ఒకటి ఎగ్గొట్టిన ఫ్లాస్కులోది. బలం చాలక గుడ్లు బయటికి పెట్టలేకపోయింది. గుడ్లు కడుపులోనే పిగిలాయి. పిల్లలు లోపల సుళ్ళు తిరుగుతూ తల్లిని తినేస్తున్నాయి. తల్లి ఇంకా కదులుతూనే ఉంది. చూస్తుండగానే దాని ఒళ్ళు ఒట్టి సంచిలా అయిపోయింది. ఏదో ఒకటి అనాలి కదా అని, “ఎంత త్యాగం మేడమ్!” అన్నాను.

వేళ్ళ కణుపులతో టేబుల్ మీద ఠపీమని కొట్టారు. “త్యాగమేటే? ఆకలి! ఆ తల్లిని అడిగినారేటి ఎవులైనా, ఇస్తావా అని? నీ థీసిస్‌లో త్యాగమన్న మాట కనబడిందా, చింపి సముద్రంలో పారేత్తాను.”

ఆవిడ కోపం గురించి దాచి ప్రయోజనం లేదు. ఒకసారి నేను స్పిరిట్ దీపం సరిగ్గా వెలిగించకుండా ఫ్లాస్కు మూతి తెరిచాను. రెండు రోజులకి ద్రవం మసకబారింది. బ్యాక్టీరియా చేరిందన్నమాట. బ్యాక్టీరియా అన్ని అమైనో ఆమ్లాలూ తనే చేసుకుంటుంది, పురుగులు దాన్ని తిని కులాసాగా బతికేస్తాయి. ఇక ఆ ప్రయోగానికి అర్థం లేదు. మేడమ్ ఫ్లాస్కును వెలుగుకు పెట్టి చూసి సింకులోకి విసిరికొట్టారు. గాజు ముక్క ఎగిరి నా చెంప గీసుకుపోయింది. రక్తం చూసి ఆవిడే దూది తెచ్చి అద్దారు, తిడుతూనే. ఆ మధ్యాహ్నం తన క్యారేజీలో ఎండు నెత్తళ్ళ కూర సగం నాకు పెట్టారు. క్షమించు అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

ఆ కూర వాసనకి పక్క గదుల వాళ్ళు తలుపులు వేసుకునేవారు. మేడమ్ తలుపు బార్లా తీసి పెట్టుకుని తినేవారు. అలా తింటూనే ఒకరోజు తన చిన్నతనం చెప్పారు. భీమిలి దారిలో సముద్రం ఒడ్డు పేట వాళ్ళది. వలల దగ్గర తగువొచ్చి పక్క ఊరి వాళ్ళు పడవలకు నిప్పెట్టారట. ఆర్పబోయిన వాళ్ళ అయ్యను తెడ్డుతో ముఖం మీద కొట్టారు. కన్ను పోయింది.

“మాయమ్మ అయ్యని ఆసుపత్రిలో పడీసి, ఆ సాయంత్రమే సేపల బుట్ట ఎత్తుకుంది. నాను ఏడుత్తన్నానని ఒక్కటిచ్చింది. ఏడిస్తే బుట్ట ఖాళీ అవుద్దేటే అంది,” అని, చేప ముల్లు పక్కన పెట్టి మళ్ళీ అన్నం కలుపుకున్నారు.

ఇక నా సంగతి. మాది తగరపువలస దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాన్న పోయాక ఇంటికి పెద్ద అన్నయ్యే. పోర్టులో క్రేన్ ఆపరేటరుగా పనిచేసే ఒకతన్ని నేను ఇష్టపడ్డాను. అతనిది చేపలు పట్టే కుటుంబం. అన్నయ్యకి తెలిసింది. వంటింట్లో జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. పై పన్ను ఒకటి ఊడి సింకులో పడింది. అమ్మ పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. అడ్డం రాలేదు.

మర్నాడు మూతికి చున్నీ అడ్డం పెట్టుకుని ల్యాబుకి వెళ్ళాను. మేడమ్ చున్నీ లాగి చూశారు. ఫ్రిజ్ నుంచి ఐసు తీసి గుడ్డలో చుట్టి ఇచ్చారు.

“ఎవుడు?”

“అన్నయ్య.”

“ఎందుకు?”

చెప్పాను.

“ఇంక ఆ ఇంటికి ఎల్లకు,” అన్నారు. అంతే. ఆ సాయంత్రం నన్ను సీతమ్మధారలో తన ఫ్లాటుకి తీసుకుపోయారు. ఆవిడకి పెళ్ళి కాలేదు, ఒక్కరే ఉండేవారు. నాకు జావ కాచి ఇచ్చి, తను పరీక్ష పేపర్లు దిద్దుకున్నారు. ఊరడింపు మాటలు ఒక్కటీ లేవు. నాకు ఆ రోజు కావలసింది కూడా అదే.

వారం తిరక్కుండా అన్నయ్య కాలేజీకి వచ్చాడు. మధ్యాహ్నం, క్లాసులు జరుగుతున్న వేళ. వెంట ఇద్దరు స్నేహితులు, చేతిలో సెంట్రింగు రాడ్డు. వరండాలో బాబాయి చూసి, “మేడం! మనుషులొస్తన్నారు!” అని కేక పెట్టాడు. మేడమ్ నా రెక్క పట్టుకుని, రసాయనాల సీసాలు పెట్టే చల్లగదిలోకి నెట్టి బయట గడియ వేశారు. ఆ తలుపుకి తాళం లేదు. గడియ మీద ఎడమ చెయ్యి వేసి పట్టుకుని, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు.

నేను చీకట్లో ఉన్నాను. మాటలన్నీ వినబడ్డాయి, కనబడనిది తర్వాత బాబాయి చెప్పాడు.

“నా సెల్లి ఏదీ?”

“లోపలుంది.” దాచలేదు ఆవిడ.

“పంపు.”

“పంపను.”

“నీ కులపోడనేగా, ఆడికి కట్టబెడదారని దాసినావు?”

“ఇంట్లో దాని పళ్ళు రాలగొట్టినప్పుడు ఏ కులం అడ్డొచ్చిందిరా నీకు?”

తర్వాత గాజు పగలడం మొదలైంది. టేబుల్ మీద వరసగా ఉన్న ఫ్లాస్కులన్నీ రాడ్డుతో ఊడ్చేశాడు. కొన్ని నెలలుగా పెంచిన పురుగులు, ఎగ్గొట్టిన తిండివీ, పూర్తి తిండివీ, అన్నీ నేల మీద కలిసిపోయాయి. బాబాయి అడ్డం వెళ్తే ఒకడు కడుపులో తన్ని పడేశాడు. అన్నయ్య గడియ లాగబోయాడు. మేడమ్ చెయ్యి తియ్యలేదు. రాడ్డుతో ఆ చేతి మీద కొట్టాడు.

ఎండు కొమ్మ విరిగిన చప్పుడు తలుపు ఇవతలకి వినబడింది. చెయ్యి తీస్తారని అన్నయ్య అనుకుని ఉంటాడు. తియ్యలేదు. మళ్ళీ కొట్టాడు. ఈసారి ఆవిడ అరిచారు. ఆ అరుపు మనిషిదిలా లేదు. అరుస్తూనే కుడి చేత్తో టేబుల్ మీద ఉన్న ఇనుప స్టాండు అందుకుని అన్నయ్య నుదుటి మీద బలంగా కొట్టారు. నుదురు చిట్లి రక్తం కళ్ళలోకి కారేసరికి అన్నయ్య రాడ్డు వదిలేసి కూలబడ్డాడు. అప్పటికి పిల్లలు క్లాసుల్లోంచి పరిగెత్తుకొచ్చారు. స్నేహితులిద్దరూ అన్నయ్యను ఈడ్చుకుంటూ పారిపోయారు.

తలుపు తియ్యమంటే మేడమ్‌కి వేళ్ళు రాలేదు. గడియ చుట్టూ బిగుసుకుపోయాయి. బాబాయే ఒక్కొక్కటీ విప్పాడు.

బయటికి వచ్చి చూస్తే నేలంతా గాజు, ద్రవం, రక్తం. అన్నయ్యదీ ఆవిడదీ కలిసిపోయి ఉంది. ఆవిడ చెయ్యి చూడలేకపోయాను. ఏడుస్తూ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. మేడమ్ ముఖం సున్నంలా తెల్లగా అయింది. కాని చూపు మాత్రం నేల మీద ఉంది.

“ఎత్తు,” అన్నారు.

నాకు అర్థం కాలేదు.

“పురుగుల్నే. గాజు పోతే పోనాది. అవి నీళ్ళల్లో ఉన్నాయి, ఇంకా సావలేదు. ఎండిపోకముందే ఎత్తు. ఎత్తి బ్లీచు ఎయ్యి.”

“మేడమ్, ముందు ఆసుపత్రికి...”

“నాను ఎల్తాను. నువ్వు ఎత్తే!”

బాబాయి ఆవిడను ఆటోలో తీసుకెళ్ళాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని డ్రాపరుతో, గాజు ముక్కల మధ్య నుంచి ఆ ఎర్రటి నీళ్ళు ఎత్తాను. వేళ్ళు కోసుకున్నాయి. నేల మీద పడ్డాక ఆ నీళ్ళలో లోకంలో ఉన్న బ్యాక్టీరియా అంతా చేరి ఉంటుంది. దానికి మా ల్యాబులో మందు ఒకటే. బ్లీచూ కాస్టిక్ సోడా కలిపిన ద్రవంలో పురుగుల్ని వేస్తే బ్యాక్టీరియా చస్తుంది, పురుగులూ చస్తాయి. గుడ్ల పెంకు గట్టిది కాబట్టి కాసేపటిదాకా గుడ్లు తట్టుకుంటాయి. ఆ కాసేపట్లో కడిగి తీసెయ్యాలి.

వేశాను. మైక్రోస్కోపులో చూస్తూ ఉన్నాను. కడుపుతో ఉన్న తల్లులు కొట్టుకున్నాయి. రెండుగా తెగాయి. కరిగాయి. ఒళ్ళు మాయమై గుడ్లు మాత్రం చెల్లాచెదరుగా మిగిలాయి. వాటిని కడిగి, కొత్త ఫ్లాస్కులో, అన్నీ ఉన్న తిండిలో వేశాను. ఈసారి దీపం సరిగ్గానే వెలిగించాను.

రెండు రోజుల తర్వాత ఆసుపత్రికి వెళ్ళి, “గుడ్లు పిగిలాయి మేడమ్, ద్రవం తేటగా ఉంది,” అని చెప్పాను. చేతికి కట్టు, వేళ్ళలో ఇనుప ఊచలు. కళ్ళు తెరిచి చూశారు.

“ఇప్పుడే సంబరపడకు. మొదటి తరం తల్లి దాసిపెట్టింది తిని బతికీగలదు. రెండో తరం నిలబడితే అప్పుడు సెప్పు.”

ఇది ఆవిడ ఎప్పుడూ అనే మాటే. ఏ తిండి ఎగ్గొట్టినా మొదటి తరం పురుగు తల్లి ఒంట్లోంచి తెచ్చుకున్న నిల్వతో కొంత నెట్టుకొస్తుంది. లోటు రెండో తరంలో బయటపడుతుంది. చాలామంది తొందరపడి మొదటి తరం దగ్గరే ఆగిపోతారని ఆవిడ విసుక్కునేవారు.

కేసు పెట్టారు. మా ఊరి పెద్దలు రాజీకి వచ్చారు. ఆడపిల్ల విషయం, నలుగురిలో పడితే బాగుండదు అన్నారు. కాలేజీలో పెద్దలూ సర్దుకుపొమ్మని చెప్పి చూశారు. మేడమ్ కట్టు కట్టిన చెయ్యి టేబుల్ మీద పెట్టి, “రాజీ నన్నడక్కండి. ఈ సేతి ఏళ్ళని అడగండి. అవి ఊఁ అంటే నానూ ఊఁ అంటాను,” అన్నారు. పెద్దలు టీ కూడా తాగకుండా లేచారు.

అన్నయ్య తరపు వాళ్ళు తిరిగి ఆవిడ మీద కేసు వేశారు, తల పగలగొట్టిందని. కోర్టులో వాళ్ళ వకీలు, “మీరు నా క్లయింటును ఇనుప స్టాండుతో కొట్టారా లేదా?” అని అడిగాడు.

“కొట్టాను. ఎడమ చెయ్యి ఖాళీ లేదు, తలుపు పట్టుకుని ఉంది. అందుకని కుడి చేత్తో కొట్టాను,” అన్నారు మేడమ్, క్లాసులో చెప్పినట్టు.

ఆత్మరక్షణ కిందికి వస్తుందని ఆ కేసు కొట్టేశారు. అన్నయ్యకి జైలు పడింది. ఆ రోజు కోర్టు మెట్ల మీద అమ్మ నన్ను చూసి ముఖం తిప్పుకుంది. నేను ఏడవబోతే మేడమ్ మోచేత్తో పొడిచారు. “ల్యాబుకి పద,” అన్నారు.

అన్నయ్య బయటికి వచ్చి ఏళ్ళయింది. ఇప్పటికీ మాటల్లేవు. ఒకసారి తగరపువలస సంతలో ఎదురుపడ్డాడు. నుదుటి మీద మచ్చ స్పష్టంగా ఉంది. నన్ను చూశాడు, రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయాడు. కథల్లో అయితే ఏడ్చి కౌగిలించుకుంటారు. మా ఇంట్లో అలా జరగలేదు.

కేసు తేలకముందే జరిగిన నా పెళ్ళికి రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం మేడమే చేశారు, కట్టుతో ఎడమ చెయ్యి మెడకు వేలాడుతుండగా. మా ఆయన ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగి, “దీని మీద ఎప్పుడైనా సెయ్యెత్తినావంటే, ఆ స్టాండు ఇంకా నాకాడే ఉంది బాబూ,” అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

పని మాత్రం ఆగలేదు. నేలమీద నుంచి ఎత్తిన ఆ గుడ్ల సంతతితోనే నా రీసెర్చి అంతా పూర్తయింది. గ్లైసీన్ ఎగ్గొట్టినా మా పురుగులు పట్టించుకోలేదు, తామే చేసుకున్నాయి. లైసీన్ ఎగ్గొడితే మొదటి తరం పెరిగినట్టే పెరిగింది, రెండో తరం నిలబడలేదు. ఆ ఫ్లాస్కు అడుగున ఎదగని పిల్లలు దారప్పోగుల్లా పడి ఉంటే, మేడమ్ మైక్రోస్కోపు మీంచి లేచి కళ్ళు తుడుచుకోవడం చూశాను. స్పిరిట్ ఘాటు అన్నారు.

రిటైరయ్యాక కూడా నా విద్యార్థులకు ఫ్లాస్కు మూతి తెరవడం నేర్పడానికి దువ్వాడ వచ్చేవారు. ముడుచుకున్న మూడు వేళ్ళ సందున దూది బిరడాను ఇరికించి పట్టుకుని, రెండో చేత్తో దీపం మీద మూతి కాల్చేవారు. మంచి వేళ్ళున్న మాకంటే నేర్పుగా చేసేవారు. ప్రమాదం జరిగిన ఆ మంగళవారం కూడా ఆటోలో నా దగ్గరికే వస్తున్నారు.

అంత్యక్రియలు వాళ్ళ పేటలోనే, సముద్రం ఒడ్డున. ఆవిడ తమ్ముడు కొరివి పెట్టాడు. ఆడవాళ్ళు అక్కడి దాకా రాకూడదని ఎవరో అనబోతే, చేపలమ్మే ముసలావిడ ఒకామె, “మా గుంటని మాము సాగనంపుకుంటాం, నువ్వెవుడివి?” అని కసిరింది. నేనూ వాళ్ళతోపాటు నిలబడ్డాను. తుఫాను పట్టకపోయినా సముద్రం పోటు మీద ఉంది. అలలు ఒడ్డును బాదుతున్నాయి. గాలికి మంట ఊరి వైపు వాలిపోయింది. కట్టెలు పేలుతున్నాయి.

అంతలో ఆ ముసలావిడే సముద్రం వైపు చూసి గావుకేక పెట్టింది. “ఒరే! పడవరోయ్! అడ్డం తిరిగిపోతంది!”

వేటకు పోయిన ఫైబర్ పడవ ఒకటి ఒడ్డుకు వస్తూ అలల్లో చిక్కుకుంది. ఇంజను ఆగిపోయినట్టుంది. పక్కకు తిరిగితే తిరగబడుతుంది. లోపల మనుషులున్నారు. పాడె మోసినవాళ్ళు, కొరివి పెట్టిన తమ్ముడు, మా ఆయన, అందరూ ఒక్కసారిగా పరుగెత్తారు. రొమ్ముల లోతు నీళ్ళలోకి దూకారు. పెద్ద అల ఒకటి అందరినీ ముంచేసింది. తలలు కనబడలేదు. నీళ్ళు తగ్గేసరికి తాడు వాళ్ళ చేతుల్లో ఉంది. బూతులు తిట్టుకుంటూ, అరుచుకుంటూ లాగారు. పడవ ఇసుకను దభీమని గుద్దుకుని ఆగింది. లోపలి నుంచి చేపలు ఎగిరి పడ్డాయి. మనుషులు దిగారు.

కాసేపటికి మగవాళ్ళంతా ఒక్కొక్కరే మళ్ళీ చితి దగ్గరికి వచ్చి చుట్టూ నిలబడ్డారు. తమ్ముడి మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది, తుడుచుకోలేదు. అందరూ నిలువునా తడిసి, రొప్పుతూ ఉన్నారు. మంట వేడికి వాళ్ళ చొక్కాల నుంచి ఆవిరి లేస్తోంది.